ఏటికీ కంచెకీ నడుమ

నా కొట్టుకు చావు గుడ్డ కోసం ఎవరూ రారు. రవికలు కుట్టించుకోవడానికి వస్తారు, లంగాలకు బొందులు ఎక్కించమని వస్తారు, పని లేకపోతే కబుర్లకు వస్తారు. అందుకే మొన్న జోరువానలో పెద్దనాయన కోడలు కొంగు నెత్తిన వేసుకుని వచ్చి, "వదినా, కోరా గుడ్డ ఉండాదా?" అని అడిగితే దిండు గలేబులకనుకున్నాను. ఎన్ని దిండ్లకు అని కూడా అడిగాను. ఆ పిల్ల నా మిషను మీద చెయ్యి ఆనించి నిలబడింది. అప్పుడర్థమైంది, పెద్దనాయన పోయాడని.

సొంత పెద్దనాయన కాదు, ఊరి వరస. మా ఊళ్లో వరస లేకుండా ఎవర్నీ పిలవము. నా కొట్టు బస్సు ఆగే చోట ఉంది. కొట్టు ముందర ఒక బండ ఉంది. దాని మీద ఆయన ఎన్నేళ్లు కూర్చున్నాడో నేను లెక్క పెట్టుకోలేదు. కొట్టు తీసేసరికి వచ్చేవాడు, మధ్యాహ్నం ముద్దకు ఇంటికి పోయేవాడు, ఎండ తగ్గాక మళ్లీ వచ్చేవాడు. ఆయన కూర్చుంటే గిరాకీకి అడ్డమని నేను విసుక్కునేదాన్ని. ఆయన వినిపించుకునే రకం కాదు.

గొర్లు మేపిన కాలం ఆయన ఒంట్లోంచి పోలేదు. మంద అమ్మేసి చాలా కాలమైనా నిలబడితే ఒంటికాలి మీదే. రెండో పాదం మోకాలికి ఆనించి, బరువంతా కర్ర మీద వేసేవాడు. ఎర్రటి ఎండాకాలంలోనూ భుజాన కంబళి ఉండాల్సిందే. ఏదైనా ఆటో అడ్డంగా వచ్చి ఆగితే నాలుక అంగిట్లో కొట్టి, "ట్ర్రా" అని గొర్రెను అదిలించినట్టు అదిలించేవాడు. ఆటోవాళ్లు నవ్వుకునేవాళ్లు, కానీ బండి జరిపేవాళ్లు. పావగడ బస్సు వచ్చి ఆగితే దిగేవాళ్లను కర్ర కొసతో ఒక్కొక్కర్నీ చూపించుకుంటూ పోయి, ఆఖర్న నా వైపు తిరిగి, "మంద తగ్గిపోయింది పాపా" అనేవాడు.

కొత్త మొహం కనిపిస్తే ఊరు చెప్పడం ఆయన పెట్టుకున్న ఉద్యోగం. సోలారు పార్కు కట్టేటప్పుడు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు పనికి వచ్చి, అద్దెకు గదులు దొరుకుతాయా అని నా కొట్టు దగ్గర ఆగేవాళ్లు. వాళ్లకు తెలుగు రాదు, కన్నడం రాదు. ఈయనకు హిందీ ముక్క రాదు. అయినా వాళ్లను బండ మీద కూర్చోబెట్టి, కర్రతో నేల మీద వంకర గీత ఒకటి గీసేవాడు.

"ఇది ఏరు. పెన్న. ఆంధ్రాలోనుంచి వస్తాది, మన తాలూకాలో రవ్వంతసేపు కూసుంటాది, మళ్లా ఆంధ్రాలోకే పోతాది. అదో, పడమట కనబడేది పావగడ కొండ. ఆఫీసు పనికి ఆడికి పోవల్ల, పోయి కన్నడం మాట్లాడల్ల. ఇంటికొస్తే తెలుగు. మీరు యా భాష మాట్లాడినా మాకేం తప్పు లేదప్పా."

ఆ పిల్లలు తలలు ఊపేవాళ్లు. ఆయన ఆగేవాడు కాదు.

"మా పెద్దోళ్లు గొర్లు తోలుకుని పోతా పోతా ఈ ఏట్లో దిగినారు. ఇసకలో చెలమ తవ్వినారు. నీళ్లు తియ్యగా ఉండె. గొర్లు తాగినాయి, మనుషులు తాగినారు, ఆడనే నిలబడిపోయినారు. ఇంక ఊరంటే ఏముండాది, అంతే."

నిజానికి అంతే కాదు. మిగిలింది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మంద నుంచి సేద్యానికి మళ్లినవాళ్లు శనక్కాయ వేశారు. వానలు పడినన్నాళ్లు కళ్లాల్లో కాయ రాసులు చూసి మురిసిపోయారు. తర్వాత వానలు ముఖం చాటేశాయి. చెలమలు ఎండాయి, బోర్లు ఎండాయి. ఎండనివాటిలో వచ్చిన నీళ్లు తాగి పిల్లల పళ్లు పచ్చబడ్డాయి, పెద్దవాళ్ల మోకాళ్లు బిగిశాయి. సగం ఊరు బెంగుళూరులో ఇటుకలు మోయడానికి పోయింది. అప్పుడు సోలారు వచ్చింది. ఇక్కడ నుంచి రాయచెర్లు, వల్లూరు దాకా మెట్టచేలు గుత్తకు పోయి, సోలారు అద్దాల కిందికి చేరాయి. ఆ గుత్త డబ్బుతోనే మా ఊళ్లో మిద్దెలు లేచాయి, ఇంటింటికీ బైకు వచ్చింది. నేను దాన్ని తిట్టను. నా కొట్టుకు గిరాకీ పెరిగింది కూడా అప్పుడే.

జనాభా సంగతి వస్తే మాత్రం పెద్దనాయనతో గెలవడం ఎవరి తరమూ కాలేదు. ఒకసారి ఇంటింటి లెక్క రాసుకోవడానికి టీచరమ్మ వచ్చింది. ఆయన ఇంటికి పోతే ఎవరూ లేరట, బండ దగ్గరికే వచ్చింది. కన్నడంలోనే అడిగింది, ఇంట్లో ఎవరెవరు ఉంటారని. ఈయన కన్నడంలోనే చెప్పాడు: తను, కొడుకు, కోడలు, ఇంటామె.

"ఆమెను పిలవండి అజ్జా, వయసు రాసుకోవాలి."

"చేనుకాడ ఉండాది."

"ఎప్పుడొస్తుంది?"

"ఆమె రాదమ్మా. మనమే పోవల్ల."

నేను కత్తెర కింద పెట్టి లేచి పోయి చెప్పాను, ఆమె పోయి చాలా కాలమైందని. టీచరమ్మ ఇబ్బంది పడి, పేరు కొట్టేసి వెళ్లిపోయింది. పెద్దనాయన ఆ రోజు మధ్యాహ్నం ముద్దకు కూడా పోలేదు. సాయంత్రం పోతూ పోతూ అడిగాడు.

"ఆమె యాడికి పోయింది పాపా? బెంగుళూరికి పోయినోళ్లందర్నీ రాసుకున్యారు. ఊర్లోనే ఉండేదాన్ని కొట్టేసినారు."

ఆయనకు మతి చలించిందని అనుకునేవాళ్లు ఊళ్లో ఉన్నారు. నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు. చచ్చిపోయిందని ఆయనకు బాగా తెలుసు, తన చేతులతోనే మట్టి వేశాడు. మా వైపు గొర్రెలకాపరి ఇళ్లల్లో చాలామంది మనుషుల్ని సొంత చేలోనే పెట్టుకుంటారు. ఆమెను కూడా రాయచెర్లు దోవలో ఉన్న ఆయన చేలో, గట్టుకు కొంచెం లోపలగా పెట్టి, తలవైపు ఒక రాయి నాటి పసుపు పూశారు. అప్పట్నుంచీ శనక్కాయ వేసినా, కంది వేసినా, ఆ రాయి చుట్టూ నాగలి తిప్పుకుని దున్నేవాడు. మధ్యాహ్నం సద్ది అక్కడే కూర్చుని తినేవాడు. అందుకే 'ఉండాది' అనేవాడు. అంతకంటే పిచ్చి ఏమీ లేదు అందులో.

పెద్దల అమావాస్యకు పోయినవాళ్లకు కొత్త గుడ్డలు పెడతాము గదా. అందరూ చీర, దాని మీదికి రవిక ముక్క పెడతారు. ఈయన ముక్క పెట్టడు. నా దగ్గరికి తెచ్చి కుట్టమనేవాడు.

"ఊరికే ముక్క పెడితే చాలదా పెద్దనాయనా?" అన్నాను మొదటిసారి.

"ముక్క పెడితే ఆడ ఎవరు కుట్టిస్తారు? నువ్వు ఈడుంటివి."

పెద్దమ్మకు నేను రవికలు కుట్టినదాన్నే. కొలతలు నా చేతికి తెలుసు. ఎడమ భుజం కొంచెం జారి ఉండేది, నీళ్ల బిందె మోసి మోసి. ఏటా ఆ వంక పెట్టే కుట్టాను. పండగ అయ్యాక ఆ గుడ్డలు ఇంటి ఆడవాళ్లు కట్టుకుంటారు కానీ ఆ రవిక కోడలికి పట్టదు. ఏడాదికొకటి ఆ పిల్ల పెట్టెలో అడుగున చేరేది. కోడలు మంచిది, ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇక గుత్త సంగతి. అందులో జరిగిన తప్పు మా ఊళ్లోవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరనుకుంటాను. సర్వేవాళ్లు మూడుకాళ్ల మిషను పెట్టుకుని చేను కొలవడానికి వచ్చినప్పుడు, పెద్దనాయన గట్టు మీద కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టించాడు. కాయ కొట్టిన పని ముగిసేదాకా చావు మాట నోట ఎత్తకూడదని వాళ్ల ఇంటి కట్టుబాటు. గొర్రెలు ఈనే రోజున పాక దగ్గర కూడా అంతేనట. అందుకని సమాధి దగ్గరికి వచ్చినప్పుడు ఈయన నోరు మెదపలేదు. దూరంగా చుట్టుకుని నడిచాడు. వెనకున్నవాళ్లు కూడా ఆయన వెనకాలే చుట్టుకుని నడిచారు. అక్కడ రాయి ఉంది, పసుపు ఉంది, పక్కన తంగేడు పొద ఉంది. తనతోపాటు చుట్టుకుని నడిచినవాళ్లకు అర్థం కాకుండా ఉంటుందా అనుకున్నాడు. మిషను మాత్రం సమాధి మీదుగా నేరుగా గీత గీసింది. సంతకాలయ్యాయి. దగ్గర దగ్గర ముప్పై ఏళ్ల గుత్త, ఆయన వయసు మనిషికి అది తిరిగి రాని గడువు.

సమాధి సంగతి చెప్పుకోవడానికి ఆయన తర్వాత పార్కు ఆఫీసుకు పోయాడు. అక్కడివాళ్లు మర్యాదగానే విన్నారట. కాగితంలో లేదు గదా తాతా అన్నారట. కొన్నాళ్లకు నేల చదును చేసే యంత్రాలు దిగాయి. రాయి, పొద, గట్టు ఏదీ మిగల్లేదు. చుట్టూ కంచె వేశారు, గేటు పెట్టారు, గేటుకు వాచ్‌మన్ వచ్చాడు. ఆయన కొడుక్కి అదే పార్కులో అద్దాలు కడిగే పని దొరికింది. అంటే కొడుకు రోజూ వాళ్లమ్మ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు, ఎక్కడుందో తెలియకుండా.

ఆ తర్వాత పెద్దనాయనకు ఒకటే మాట. "నన్ను ఆమె పక్కన పెట్టండి." కొడుకు ఎదుట అంటే వాడు ముఖం తిప్పుకునేవాడు.

"ఆ గేటు నీ ఇంటిది కాదు నాయనా. ఊరి స్మశానం ఉండాది గదా, ఏటికి అవతల. అందరూ ఆడికే పోతారు."

"అందరూ పోనీ. నేను పోను."

కొడుకును తప్పు పట్టలేను. గేటు దగ్గర గొడవ పెట్టుకుంటే మర్నాడు పనికి ఎవరు రానిస్తారు?

ఒక అమావాస్యకు ఆయన నన్ను వెంట రమ్మన్నాడు. రవిక కుట్టించుకుని, చీర మడిచి, గిన్నెలో వడలూ అన్నమూ కోడికూరా పెట్టుకుని బయల్దేరాము. గేటు దగ్గర వల్లూరు నుంచి వచ్చే వాచ్‌మన్ ఉన్నాడు. తనింట్లోనూ పెద్దలకు పెట్టుకునే మనిషే. అటూ ఇటూ చూసి, "బెరీన వచ్చేయండి పెద్దప్పా, ఆఫీసర్లు చూస్తే నా పని పోతాది" అని గేటు సందు తీశాడు.

పెద్దనాయన లోపల అడుగుపెట్టగానే పడుచువాడిలా నడిచాడు. నాకు వెంట పడటం కష్టమైంది. కొంత దూరం పోయాక నడక తగ్గింది. ఇంకొంచెం పోయాక ఆగాడు. ఎటు చూసినా అద్దాలే, ఒక వరస లాగానే ఇంకో వరస. నేల బల్లపరుపు. వాటి నడుమ నిలబడితే కొండ కూడా కనపడదు. ఆయన వెనక్కి తిరిగి గేటు ఎక్కడుందో చూసుకున్నాడు, మళ్లీ ముందుకు చూశాడు, కర్రతో నేల మీద ఒక గీత గీసి వెంటనే కాలితో చెరిపేశాడు. తర్వాత ఒక అద్దం నీడలో చతికిలబడి, "ఈడనే" అన్నాడు. చీర, రవిక పరిచి, అన్నం పెట్టి, దండం పెట్టుకున్నాడు. నేను కూడా పెట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు గేటు దాటాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"తావు నాకి తెలీలేదు పాపా. ఊరికే పెడితి."

ఆయన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఎవురికీ చెప్పొద్దు. నా కొడుకుతో అసలు చెప్పొద్దు. తావు మా పాపకు చూపించినానని వానితో అంటా. చూపించే మనిషి ఒకరుంటేనే వాడు నన్ను ఈడికి తెస్తాడు."

సరే అన్నాను. ఆ తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బండ మీద కూర్చోవడం, ఆటోలను అదిలించడం, దిగినవాళ్లను చూసి మంద తగ్గిందనడం ఎప్పటిలాగే సాగింది. మొన్న వాన పట్టింది. ఎన్నో ఏళ్లకు ఏరు వచ్చింది. ఊరంతా పసుపూ కుంకుమా పట్టుకుని గట్టుకు పరిగెత్తింది. ఆయన మాత్రం జ్వరంతో పడుకుని, "ఎంత లోతుండాది? ఇసక కనబడతాందా?" అని అడుగుతూనే ఉన్నాడట. అందరూ ఏరును చూడాలన్న ఆశ అనుకున్నారు. ఆయన ఎందుకు అడిగాడో నాకు తెలుసు. నీళ్లుంటే అవతల స్మశానానికి ఎవరూ తీసుకుపోలేరు.

గుడ్డ చించి ఇచ్చి, కొట్టు మూసి, నేనూ కోడలి వెంటే పోయాను. అరుగు మీద పడుకోబెట్టారు. ఊళ్లో మిగిలిన మగవాళ్లందరూ చూరు కింద నిలబడి ఏటి సంగతే మాట్లాడుకుంటున్నారు. నీళ్లు తీసేదాకా ఆగుదామని ఒకరు, శవాన్ని ఎంతసేపు ఉంచుతామని ఒకరు, రోడ్డు పక్కన ఎక్కడో ఒకచోట కానిచ్చేద్దామని ఇంకొకరు. కొడుకు గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ విన్నాడు. రోడ్డు పక్కన అన్న మాట వినపడగానే లేచి, లోపలికి పోయి, మెళ్లో తాడుకు వేలాడే పార్కు కార్డు వేసుకుని వచ్చాడు.

"అడిగి చూస్తా. పని తీసేస్తే తీసేయనీ."

పాడె ఎత్తుకుని అందరం వాడి వెంట పోయాం. గేటు దగ్గర ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు, కన్నడం అబ్బాయి. చెడ్డవాడు కాదు. కొడుకు చెప్పిందంతా విని ఎవరికో ఫోను చేశాడు, వాళ్లు ఇంకెవరినో అడగాలన్నారు. వానలో తడుస్తూ మేం నిలబడ్డాం. ఒప్పుకోరని నేను గట్టిగా అనుకున్నాను. ఒప్పుకోకపోతే నా నోటికి పని ఉండదని, సిగ్గు విడిచి చెప్తున్నాను, కొంచెం ఆశ కూడా పడ్డాను. చివరికి ఆ అబ్బాయి ఫోను జేబులో పెట్టుకుని చెప్పాడు. లోపల పాత సమాధి ఉన్నట్టయితే దాని పక్కన, వైర్లు లేని చోట, గుట్టుగా కానివ్వమన్నారు. సమాధి ఎక్కడో చూపించమన్నాడు.

కొడుకు నా వైపు తిరిగాడు.

"అక్కా, నాయన నీకి చూపించినాడంట గదా."

అందరూ నన్నే చూశారు. నేను ముందు నడిచాను. అద్దాల అంచుల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ రోజు ఆయన చీర పరిచిన చోటైనా కనుక్కుందామని చూశాను. అదీ దొరకలేదు. రెండు వరసల నడుమ నేల కాస్త వెడల్పుగా కనిపించిన చోట ఆగి, "ఈడ" అన్నాను. అది అబద్ధమని నాకు ఆ క్షణాన అనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు. ఈ చేలో ఎక్కడో ఒకచోట ఆమె ఉంది. ఆయన కోరింది ఈ చేను.

తవ్వేవాళ్లు భయంభయంగా తవ్వారు. ఆమెకు తగులుతుందేమోనని కొడుకు గడ్డపార పక్కన పెట్టి కొంతసేపు చేతులతోనే మట్టి తీశాడు. ఎర్రమట్టి, గులకరాళ్లు, ఇంకేమీ లేదు. నడుములోతు పోయాక వాడు తల ఎత్తి, "అమ్మకు తగల్లేదు" అన్నాడు. వాడి మొహంలో అంత నిమ్మళం నేను ఎన్నడూ చూడలేదు. నాకు దుఃఖం ఆగలేదు. చూసినవాళ్లు చనిపోయిన మనిషి కోసమనుకున్నారు.

దించేటప్పుడు వాళ్లల్లో ఒక పద్ధతి ఉంది. ముందు పోయినవాళ్లు పక్కనే ఉంటే, ఇప్పుడు పెట్టే మనిషి ముఖం అటువైపు కొంచెం తిప్పి మట్టి వేస్తారు. కొడుకు గుంతలో దిగి నిలబడ్డాడు. తండ్రి తలను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. గుడ్డ అప్పటికే తడిసి ముఖానికి అంటుకుపోయింది. వాన వాడి కళ్లల్లో పడుతోంది.

"అక్కా, అమ్మ యా పక్కనుండాది?"

వాచ్‌మన్ ఆఫీసరుకు పట్టిన గొడుగు కింద నుంచి చూస్తున్నాడు. కోడలు నా భుజం పట్టుకుని ఉంది. ఒక వేలు ఎత్తి చూపిస్తే అయిపోయేది. చోటు చూపించడానికి ఆడిన నోరు ఆ ఒక్క మాటకు ఆడలేదు. ఆమె కుడివైపుందో ఎడమవైపుందో, కాళ్ల దగ్గరుందో, ఇంకా అవతల ఏ వరస కింద ఉందో. తప్పు వైపుకు తిప్పితే ఆయన ఆ మట్టిలో ఎల్లకాలం ఆమెకు వీపు పెట్టి పడుకుంటాడు.

"మొహం పైకే ఉండనీప్పా" అన్నాను.

వాడు తల వదలకుండా కాసేపు నా మొహం చూశాడు. తండ్రి తలను మెల్లగా నేలకు ఆనించి, పైకి రావడానికి చెయ్యి అందించమన్నాడు.